పుష్పవతి అయినంతనే క్షేత్రం సిద్ధమైనట్లా?

ఆడపిల్ల పెద్దమనిషి కాగానే మన ఇళ్ళలో రెండు మాటలు వినబడతాయి. ఒకటి, "పిల్లకు చిమ్మిలి పెట్టండి" అన్నది. రెండవది, "ఇక సంబంధాలు చూడవలసిందే" అన్నది. మొదటి మాట వైద్యశాస్త్ర సమ్మతమైనది. రెండవ మాట వైద్యశాస్త్రానికి పూర్తిగా విరుద్ధమైనది. విచారకరమైన విషయమేమనగా, చిమ్మిలి పెట్టడం పదిరోజులతో ముగిసిపోతుంది. సంబంధాలు చూడడం మాత్రం అక్కడినుండే మొదలవుతుంది.

కౌమార దశలో, అనగా 20 సంవత్సరాలు నిండకుండా కలిగే గర్భాన్ని గురించి ఈ వ్యాసంలో వివరింపదలచాను. ఈ విషయం వ్రాయడానికి నాకు గల అర్హత నా పాండిత్యం కాదు, నేను చేసిన ఒక పొరపాటు.

సుమారు 30 సంవత్సరాల క్రితం, వైద్యవృత్తిలో ప్రవేశించిన తొలి రోజులలో, గోదావరి తీరాన ఒక గ్రామంలో చిన్న వైద్యశాల నడుపుతూ ఉండేవాడిని. ఒకనాడు ఒక అత్తగారు తమ కోడలిని వెంటబెట్టుకొని వచ్చారు. వివాహమై ఎనిమిది మాసాలు గడిచినా కోడలు నెల తప్పలేదనీ, మందు ఇవ్వవలెననీ కోరారు. నేను నాడి చూచాను. ఋతుక్రమం సరిగా లేదని అడిగి తెలుసుకొన్నాను. కనురెప్పల లోపలి భాగం పాలిపోయి ఉండుట కూడా గమనించాను. ఫలఘృతం ఇచ్చి, పథ్యం చెప్పి పంపాను. నాలుగైదు మాసాలకు ఆ అమ్మాయి గర్భవతి అయినది. అత్తగారు అరటిపండ్ల గెల తెచ్చి ఇచ్చారు. నేను సంతోషించాను.

ఏడవ మాసంలో ఆ అమ్మాయి పుట్టింటికి వెళ్ళినది. అక్కడ కాళ్ళకు నీరు దిగితే, "తొలిచూలుకు ఇది మామూలే" అని గలిజేరు ఆకు కూర వండి పెట్టారట. ముఖం కూడా ఉబ్బినది. తలనొప్పి వచ్చినది. ఒక రాత్రి ఫిట్స్ రాగా పట్టణంలోని ఆసుపత్రికి తీసుకొనిపోయారు. మన పల్లెలలో గుర్రపువాతం అనే వ్యాధి ఇదే. తల్లి బ్రతికినది. బిడ్డ ఒక్కరోజు కూడా బ్రతకలేదు.

కొన్నాళ్ళకు ఆ అమ్మాయి తల్లి నావద్దకు వచ్చారు. కోపంగా కాదు, మామూలుగానే అడిగారు. "మందిచ్చేటప్పుడు మా పిల్లకు ఎన్నేళ్ళో అడగలేదేమండీ?"

నిజమే, అడగలేదు. మెడలో పుస్తెలు ఉన్నవి, కాలికి మట్టెలు ఉన్నవి, అంతటితో సరిపోయినదనుకొన్నాను. ఆ అమ్మాయికి అప్పటికి 16 సంవత్సరాలు కూడా నిండలేదు. ఆ పుస్తకం నా బల్లమీద ఉండగానే ఆ ప్రశ్న నాకు తోచకపోవడం నన్ను ఈనాటికీ బాధిస్తూనే ఉన్నది. ఏ పుస్తకమంటారా? సుశ్రుత సంహిత.

సుశ్రుతాచార్యులు స్త్రీకి రజస్సు 12 సంవత్సరాల వయస్సులో ఆరంభమై 50 సంవత్సరాలకు క్షీణిస్తుందని చెప్పారు. అదే సంహిత శారీరస్థానంలో, 16 సంవత్సరాలు నిండని బాలికయందు గర్భం నిలిస్తే అది కుక్షియందే నశిస్తుందనీ, ఒకవేళ పుట్టినా చిరకాలం జీవించదనీ, జీవించినా దుర్బలేంద్రియాలతో ఉంటుందనీ, కావున మిక్కిలి చిన్నదైన బాలికయందు గర్భాధానం చేయరాదనీ స్పష్టంగా నిషేధించారు. పుష్పవతి కావడానికీ, గర్భధారణకు యోగ్యత రావడానికీ నడుమ నాలుగు సంవత్సరాల ఎడమ ఉన్నదని ఈ రెండు మాటలను కలిపి చదివితే తెలుస్తుంది. వాగ్భటుడు కూడా స్త్రీకి నిండు పదహారు, పురుషునికి నిండు ఇరవై అనే నియమం పెట్టి, అంతకంటే చిన్నవారికి కలిగే సంతానం రోగగ్రస్తమనీ అల్పాయుష్కమనీ హెచ్చరించాడు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పవలెను. అదే సుశ్రుత సంహితలో 12 సంవత్సరాల కన్యను వివాహమాడవచ్చునన్న పాఠం కూడా ఉన్నది. బాల్యవివాహాలను సమర్థించేవారు ఆ వాక్యాన్ని మాత్రమే పట్టుకొని, దాని వెంటనే ఉన్న నిషేధాన్ని వదలివేస్తారు. ఆనాటి వివాహ వయస్సు ఆనాటి ఆచారం. గర్భధారణ వయస్సు మాత్రం వైద్యుడు రోగులను చూచి గ్రహించిన సత్యం. ఈ రెండింటినీ ఒకే త్రాసులో తూచడం తగదు.

అదే శారీరస్థానంలో గర్భోత్పత్తికి ఋతువు, క్షేత్రం, అంబువు, బీజం అనే నాలుగూ సమకూరవలెనని చెప్పబడినది. ఋతువు అనగా తగిన కాలం. క్షేత్రం అనగా గర్భాశయం. అంబువు అనగా ఆహారంనుండి పుట్టే రసధాతువు. గోదావరి రైతు ఎవరైనా మడి దున్ని, దమ్ము చేసి, చదును చేసిన తరువాతనే నాట్లు వేస్తాడు. వాన పడినదని చెప్పి దున్నని నేలలో నాటడు. మొదటి రజోదర్శనం ఆ తొలివాన వంటిది మాత్రమే.

ఆధునిక శరీరశాస్త్రం ఈ విషయాన్ని మరింత సూక్ష్మంగా వివరించినది. రజస్వల అయిన తరువాత కూడా బాలిక సుమారు 5 నుండి 7 సెంటీమీటర్ల వరకు ఎత్తు పెరుగుతుంది. కటివలయం, అనగా బిడ్డ బయటకు రావలసిన ఎముకల ద్వారం, ఎత్తు పెరగడం నిలిచిపోయిన తరువాత కూడా కొంతకాలం వెడల్పు అవుతూనే ఉంటుంది. మొదటి ఒకటి రెండు సంవత్సరాలు చాలా నెలలలో అండం విడుదల కాదు. అందువలననే ఋతుక్రమం అటూ ఇటూ అవుతుంది. నా వైద్యశాలకు వచ్చిన ఆ అమ్మాయికి ఉన్నది వ్యాధి కాదు, వయస్సు. వయస్సుకు నేను మందు ఇచ్చాను!

ఇంకా ఎదుగుతున్న బాలిక గర్భం ధరిస్తే, ఒకే విస్తరిలో ఇద్దరు ఎదిగే పిల్లలు భోజనం చేయవలసి వస్తుంది. తల్లి ఎముకలకు సున్నం కావలెను, బిడ్డ ఎముకలకూ కావలెను. తల్లి రక్తానికి ఇనుము కావలెను, బిడ్డ రక్తానికీ కావలెను. ఫలితంగా ఇద్దరికీ చాలదు. ఈ తల్లులకు రక్తహీనత, గుర్రపువాతం, కాన్పు తరువాత గర్భాశయానికి చీము పట్టడం వంటి ఉపద్రవాలు 20 నుండి 24 సంవత్సరాల తల్లులకంటే ఎక్కువగా వస్తాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. బిడ్డలు నెలలు నిండకుండా పుట్టడం, రెండున్నర కిలోల లోపు బరువుతో పుట్టడం కూడా వీరిలోనే ఎక్కువ. అట్లా బరువు తక్కువగా పుట్టిన ఆడపిల్ల సరిగా ఎదగక, తిరిగి పదహారేళ్ళకే తల్లి అయితే, ఆ లోటు మూడవ తరానికి సంక్రమిస్తుంది.

ఇదంతా ఎక్కడో మారుమూల జరిగే సంగతి అని మనం సరిపెట్టుకొనడానికి వీలులేదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుండి 19 సంవత్సరాల బాలికలలో అప్పటికే తల్లులైనవారు లేక గర్భవతులుగా ఉన్నవారు దేశం మొత్తం మీద నూటికి 6.8 మంది. ఆంధ్రప్రదేశ్‌లో 12.6 మంది! అనగా ఎనిమిది మందిలో ఒకరు. అంతకుముందు 2015-16 సర్వేలో మన సంఖ్య 11.8. దేశంలో తగ్గుతూ ఉండగా మన వద్ద పెరిగినది. తెలంగాణలో 5.8గా నమోదైనది. 20 నుండి 24 సంవత్సరాల స్త్రీలలో 18 నిండకుండానే వివాహమైనవారు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 29.3 మంది, తెలంగాణలో 23.5 మంది. బాల్యవివాహాలపై కందుకూరి వీరేశలింగం గారు పోరాడిన నేల, "కన్యాశుల్కం" నాటకం పుట్టిన నేల ఇది. 1929 నాటి శారదా చట్టం బాలికల వివాహ వయస్సును 14గా నిర్ణయించినది. 1978లో అది 18 అయినది. చట్టం చేసి ఇన్ని దశాబ్దాలైనా శుభలేఖలు మాత్రం ఆగలేదు.

ఇతర దేశాల సంగతి కూడా కొంత తెలుసుకొనవలెను. అల్పాదాయ, మధ్యాదాయ దేశాలలో 15 నుండి 19 సంవత్సరాల బాలికలు 2019లో సుమారు 2 కోట్ల 10 లక్షల మంది గర్భం ధరించారనీ, అందులో సగం కోరకుండా వచ్చిన గర్భాలేననీ ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. కటివలయం ఎదగని బాలికకు కాన్పు రోజుల తరబడి అడ్డం పడితే మూత్రాశయానికి రంధ్రం పడి, జీవితాంతం మూత్రం కారుతూనే ఉండే దుస్థితి కలుగుతుంది. ఇటువంటి అభాగినులకోసమే కేథరిన్ హామ్లిన్, రెజినాల్డ్ హామ్లిన్ అనే వైద్య దంపతులు 1974లో ఇథియోపియా రాజధాని ఆడిస్ అబాబాలో ప్రత్యేకంగా ఒక ఆసుపత్రి స్థాపించారు. ఈ సమస్య సంపన్న దేశాలకూ ఉన్నది. ఇంగ్లండులో వివాహంతో నిమిత్తం లేకుండానే బాలికలు గర్భవతులవుతూ ఉండగా, అక్కడి ప్రభుత్వం 1999లో ఒక ప్రణాళిక చేపట్టి, పాఠశాలలలో శరీరధర్మాలను బోధించి, యువతకు వైద్య సలహా సులభంగా అందేటట్లు చేసినది. 1998తో పోల్చితే 2014 నాటికి 18 లోపు బాలికల గర్భాలు సగానికి తగ్గినవి. కావున ఇది తలవ్రాత కాదు, నివారించదగినదే. అక్కడ కారణం ఒకటి, ఇక్కడ కారణం మరొకటి. మన వద్ద ఈ గర్భాలు చాలావరకు పెద్దలు కుదిర్చిన పెళ్ళి పందిరి కిందనుండే వస్తాయి.

"మా ఇంట్లో అమ్మాయిలు ఇంజనీరింగు చదువుతున్నారు, మాకీ గొడవ ఎందుకు?" అని కొందరు పాఠకులు అనుకొనవచ్చును. మీ ఇంటికి పనికి వచ్చే మనిషి కూతురు పదవ తరగతితో చదువు మానినదని మీకు తెలుసు. ఊరిలో బంధువుల పిల్లకు ఇంటర్ మొదటి సంవత్సరంలోనే మేనరికం కుదిరినదని శుభలేఖ వస్తుంది. మనం చీర పెట్టి, అక్షతలు వేసి, భోజనం చేసి వస్తాము. ఆ ముహూర్తానికి ముందు ఒక పెద్దమనిషి "రెండేళ్ళు ఆగండి" అన్నా ఆగే పెళ్ళిళ్ళు నేను చూచాను. పిల్ల ఇంకా చదువుకొంటూ ఉంటే ఆ మాటకు బలం ఎక్కువ. బడి మానిన మరునాటినుండి ఆ బలం తగ్గుతుంది. పెద్దలు వినకపోతే 1098కు ఫోన్ చేసి తెలుపవచ్చును.

ఇక గృహిణులు చేయగల పని. చిమ్మిలి సంగతి మళ్ళీ చెబుతాను, ఎందుకనగా మన పెద్దలు ఎంతో ఆలోచించి ఏర్పరచిన ఆచారం అది. దోరగా వేయించిన నువ్వులు రెండు పాళ్ళు, బెల్లం ఒక పాలు కలిపి దంచి, నిమ్మకాయంత ఉండలు చేసి ఉంచుకొనవలెను. రజస్వల అయిన పిల్లకు రోజుకొక ఉండ చొప్పున, పదిరోజులు కాదు, ఐదారేళ్ళు పెట్టవలెను. వారానికి మూడుసార్లు మునగాకు పప్పు గాని, తోటకూర గాని చేసి, దించిన తరువాత నిమ్మరసం పిండవలెను. పులుపులోని సి విటమిన్ ఇనుమును శరీరానికి పట్టేటట్లు చేస్తుంది. ఉసిరికాయ పచ్చడి కూడా ఇందుకు ఉపకరిస్తుంది. రాగి సంకటి, రాగి జావ ఎముకలకు మేలు చేస్తాయి. 100 గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్నది. భోజనానికి గంట ముందు, గంట తరువాత కాఫీ, టీలు ఇవ్వకూడదు. అన్నం తిన్న చేతితోనే కాఫీ గ్లాసు అందుకొనే అలవాటు మన మధ్యతరగతి ఇళ్ళలో ఎంత ఉన్నదో నేను చెప్పనక్కరలేదు.

అయితే బెల్లంతో రక్తం పడుతుందని నమ్మి ఊరుకొనరాదు. ఆయుర్వేద వైద్యుడనైన నేను ఈ మాట అనడం కొందరికి రుచింపకపోవచ్చును. లెక్క చూడండి. ఒక గర్భానికి మొత్తం మీద సుమారు 1000 మిల్లీగ్రాముల ఇనుము అవసరం. 280 రోజులకు పంచితే రోజుకు మూడున్నర మిల్లీగ్రాములు రక్తంలోకి చేరవలెను. శాకాహార భోజనంనుండి ఒంటికి పట్టేది సాధారణంగా ఒకటి రెండు మిల్లీగ్రాములకు మించదు. ముందే నిలువ ఉన్న ఇనుము ఆ లోటు తీర్చవలెను. 2019-21 సర్వే ప్రకారం మన దేశంలో 15 నుండి 19 సంవత్సరాల బాలికలలో నూటికి 59.1 మందికి రక్తహీనత ఉన్నది. వారివద్ద నిలువ ఎక్కడిది? కావున బడిలో వారానికొకసారి ఇచ్చే నీలిరంగు ఇనుము మాత్రను పిల్ల మింగినదో లేదో తల్లి అడగవలెను. ఆరునెలలకొకసారి నులిపురుగుల మాత్ర వేయించవలెను. మలం నల్లగా వస్తే భయపడనక్కరలేదు, మాత్ర మానరాదు. లోహభస్మం కలిసిన ఔషధాలను మాత్రం వైద్యుని సలహా లేకుండా కొని వాడరాదు.

18 నిండి, 20 నిండక ముందే వివాహమైన అమ్మాయిల విషయంలో కూడా తొలి గర్భాన్ని వాయిదా వేయడం మంచిది. (18 నిండని భార్యతో కాపురం నేరమని 2017 అక్టోబరు 11న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చినది, బాల్యవివాహమైన అమ్మాయి, మైనారిటీ తీరిన రెండు సంవత్సరాలలోపు ఆ వివాహాన్ని రద్దు చేయమని కోరవచ్చును.) ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో నిరోధ్‌తో పాటు ఛాయ మాత్రలు, మూడు మాసాలకొకసారి వేసే అంతర ఇంజెక్షను ఉచితంగా లభిస్తాయి. లక్నోలోని పరిశోధనాలయంలో మన శాస్త్రవేత్తలు కనుగొన్న ఛాయ మాత్రలో హార్మోను లేదు. "మొదట్లో ఆపితే తరువాత పిల్లలు పుట్టరు" అన్న భయం నిరాధారం. అంతర ఇంజెక్షను మానిన తరువాత గర్భం నిలవడానికి కొన్ని మాసాలు పట్టవచ్చును, అంతే. ఎవరికి ఏది తగునో వైద్యురాలు పరీక్షించి చెప్పవలెను.

ఆనాటి ఘటన తరువాత నా పుస్తకంలో ప్రతి రోగిణి పేరు పక్కన మొదట వయస్సు, తరువాత రజస్వల అయి ఎన్నేళ్ళయినదో వ్రాయడం అలవాటు చేసుకొన్నాను. చిన్నవయస్సు కోడలిని తీసుకొనివచ్చి సంతానానికి మందు అడిగే అత్తగారితో, "అమ్మా, మీ కోడలికి లోపం ఏమీ లేదు. మడి ఇంకా దమ్ముకు రాలేదు. ముందు రక్తం పట్టనివ్వండి, ఇరవై నిండనివ్వండి" అంటాను. వ్యవసాయం ఎరిగిన ఇళ్ళలో ఈ మాట త్వరగా అర్థమవుతుంది. కొందరు మరొక వైద్యుని వెతుక్కొంటూ వెళ్ళిపోయినమాట కూడా నిజమే.

ఇప్పటికే గర్భం ధరించిన బాలిక మీ ఎరుకలో ఉంటే ఆమెను నిందించవద్దు, దాచవద్దు. గర్భం వద్దనుకొంటే వేర్లు, పసర్లు, మందుల దుకాణంలో అడిగి తెచ్చిన బిళ్ళలు వాడించడం ప్రాణాంతకం. 1971 చట్టం ప్రకారం, 2021లో చేసిన సవరణతో, మైనరు బాలికకు వైద్యుల సమ్మతితో 24 వారాల వరకు ఆసుపత్రిలో గర్భస్రావం చేయించుకొనే అవకాశం ఉన్నది. సంరక్షకుల అనుమతి కావలెను. పోలీసులకు తెలిపేటప్పుడు బాలిక కోరితే ఆమె పేరు, గుర్తులు వైద్యుడు వెల్లడింపనక్కరలేదని 2022లో సుప్రీంకోర్టు చెప్పినది. పరువు పోతుందన్న భయంతో ఆసుపత్రికి దూరంగా ఉండనక్కరలేదు.

గర్భం కొనసాగించేటట్లయితే మూడవ మాసం దాటకముందే పేరు నమోదు చేయించవలెను. వెళ్ళిన ప్రతిసారీ రక్తపోటు, హిమోగ్లోబిన్, మూత్రంలో ఆల్బుమిన్, బరువు చూపించవలెను. హిమోగ్లోబిన్ 11 లోపు ఉంటే రక్తహీనత, 7 లోపు ఉంటే తక్షణం ఆసుపత్రి చికిత్స అవసరం. ఇనుము మాత్ర, కాల్షియం మాత్ర ఒకే వేళ వేసుకొనరాదు, రెండింటికీ మధ్య రెండు గంటల ఎడమ ఉండవలెను. సీమంతం చేసి పుట్టింటికి పంపేటప్పుడు చీర, గాజులు, చలిమిడితో పాటు పరీక్షల కాగితాలన్నీ సంచిలో పెట్టి పంపండి. అవి అత్తవారింటి బీరువాలో ఉండిపోతే పుట్టింటి ఊరిలోని డాక్టరుకు ఆ పిల్ల రక్తపోటు మొదట ఎంత ఉండేదో తెలియదు. నేనెరిగిన ఆ అమ్మాయి విషయంలో అసలు కాగితాలే లేవు.

పాదాలకు సాయంత్రం వేళ కొద్దిగా నీరు దిగి తెల్లవారేసరికి తగ్గితే అది సాధారణం. ముఖం, చేతివ్రేళ్ళు ఉబ్బినా, తలనొప్పి విడవకపోయినా, కళ్ళముందు మసకలు కమ్మినా, డొక్కలో పైభాగాన నొప్పి వచ్చినా, రక్తం కనబడినా, బిడ్డ కదలిక తగ్గినా, ఫిట్స్ వచ్చినా గలిజేరు కూర కోసం తోటలోకి వెళ్ళవద్దు. 108కు ఫోన్ చేయండి; బండి వచ్చేలోపు ఆమెను ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోటిలో నీళ్ళు గాని, మందు గాని పోయవద్దు.